ముందు చక్రాల కింద చెక్కలు

ఆయన అసలు పేరు డిపోలో జీతాల గుమస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. అందరికీ ఆయన 'నిదానం'. ముప్ఫై ఒక్కేళ్లు బస్సు నడిపాడు. ఆయన బస్సెక్కి పెళ్లికి బయలుదేరినవాళ్లు పిల్ల పుట్టాక చేరతారని తోటి డ్రైవర్లు ఏడిపించేవాళ్లు. ఆయన నవ్వి ఊరుకునేవాడు.

చివరి పద్దెనిమిదేళ్లూ నడిపింది ఒక్కటే బస్సు. డిపోవాళ్లు దాన్ని తుక్కు కింద అమ్మేస్తుంటే ఆయనే కొనుక్కున్నాడు. సీట్లు పీకించి, మంచాలు వేయించి, పొయ్యి గట్టు కట్టించి, భార్యతో అందులోనే కాపురం పెట్టాడు. ఊరి చివర గోడౌను వెనక ఖాళీ జాగాలో నిలిపితే అదే ఇల్లు. ఆవిడ తమ్ముడు డీజిల్ మెకానిక్కు. "అక్కా, అందరి ఇళ్లల్లో అలిగి పెళ్లాం పోతుంది. మీ ఇంట్లో బావ అలిగాడంటే ఇల్లే పోతుంది చూసుకో" అని నవ్వించేవాడు.

ఎనిమిది నెలల కిందట ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దయిపోయింది. బయట నేల మీద ఒక్క అడుగు వెయ్యలేదు గాని బస్సులో మాత్రం నడుస్తుంది. నిలబడే ప్రయాణికుల కోసం పైన బిగించిన కడ్డీలు ఆయన తీయించలేదు మరి. ఎడమచేత్తో కడ్డీ పట్టుకుని, కాలు ఈడ్చుకుంటూ, మంచం నుంచి పొయ్యి దాకా, పొయ్యి నుంచి కిటికీ దాకా వెళ్లి వస్తుంది. ఆ కడ్డీ లేని ఇంట్లో పెడితే మంచమే గతి.

ఆవిడ స్నానానికని బస్సు వెనక మూల చిన్న గదిలా తడిక కట్టి, నేలకి కన్నం వేశాడు. నీళ్లు కన్నంలోకి పోక మంచం కిందికి వచ్చేవి. దాంతో ముందు చక్రాలు రెండిటినీ మందపాటి చెక్కల మీదికి ఎక్కించాడు. బస్సు మూతి పైకి లేచింది. నీళ్లు బుద్ధిగా వెనక్కి పోయాయి. ఆ రోజు ఆవిడ సగం నోటితోనే నవ్వింది. ఆ నవ్వు చూసి ఆయన చెక్కలు ఇక తీయలేదు.

ఈమధ్య ఆవిడ కుడికాలి బొటనవేలు కదిలింది. కొండమీది ఆసుపత్రిలో కసరత్తు చేయించే డాక్టరమ్మ ఊళ్లోకి వచ్చినప్పుడు చూసి, "వేలు కదిలిందంటే కాలు వస్తుంది. మూడు నెలలు రోజూ చేయించాలి. ఈ సోమవారానికల్లా చేరండి. ఆలస్యమైతే ఆ వేలు కూడా మళ్లీ పడుకుంటుంది. మీ బస్సు మా ఆవరణలో పెట్టుకోండి" అంది. కొండ మీద మెట్లు లేని అద్దెగది ఒక్కటీ దొరకలేదు. ఎక్కితే బస్సే ఎక్కాలి. ఇరవై రెండు మలుపులు.

సోమవారం ఇంక ఆరు రోజులుందనగా ఇంజన్లో టకటక మొదలైంది.

ఆయన చెక్కల మీంచి బస్సు దింపి, ఆవిడతో సహా బావమరిది షెడ్డుకి తోలుకొచ్చాడు. బావమరిది పొడుగాటి స్క్రూడ్రైవరు ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని విన్నాడు. మొహం చిట్లించాడు.

"బావా, లోపల వడ్రంగిపని జరుగుతోంది. ఎవడో మేకులు కొడుతున్నాడు."

"వాల్వుల దగ్గర ట్యాపెట్లు సరిచేస్తే పోతుందిలే."

"ట్యాపెట్లా! దీని మీద ప్రేమ నీ కళ్లు కమ్మేసింది. అందులో పావు వంతు నా మీద చూపించినా ఈపాటికి లావెక్కేవాణ్ని. ఇంజను మార్చెయ్. బోల్తా పడ్డ లారీది ఒకటొచ్చింది. టర్బో ఉంది. కొండేంటి, గోడైనా ఎక్కుతుంది. రేపు మధ్యాహ్నం దాకా ఆపగలను. తర్వాత ఇంకొకడు పట్టుకుపోతాడు. నీ బస్సుకి సరిపడేది మళ్లీ దొరకదు."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"ఇంజనొక్కటే అయితే వారం. దాని బలానికి నీ గేర్‌బాక్సు ఆగదు. అదీ మార్చాలి. రేడియేటరు పెద్దది కావాలి. బస్సు ముందు భాగంలో నేల కోయాలి. మూడు వారాలు వేసుకో."

"మరి సోమవారం?"

బావమరిది మెడ గోక్కున్నాడు. "అక్కని ఎత్తుకుని తీసుకెళ్తా బావా."

"తీసుకెళ్లి ఎక్కడ దింపుతావు? ఏ కడ్డీ పట్టుకుంటుంది?"

ఆయనకి ఉడుకుమోత్తనం వచ్చింది. "అయినా దీనికి రోగమెందుకొస్తుందిరా? ఇంజను నూనె తగ్గితే వెలిగే దీపం ఎప్పుడో పాడైందని నేనే చూసుకుంటున్నా. పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా నూనె కొలిచే పుల్ల తీసి చూస్తా. ఒక్కరోజు తప్పలేదు. గీత దాకా నిండుగా ఉంటుంది. కావాలంటే చూడు!"

నూనె పుల్ల తీశాడు. తుడిచి, మళ్లీ పెట్టి తీశాడు. కొన మాత్రం తడిసింది.

షెడ్డు నేల సిమెంటుది. అద్దంలా చదును. ఆయన పుల్ల వంకే చూస్తూ నిలబడిపోయాడు. బావమరిది బస్సు కిందికి దూరి వచ్చాడు. "కారిన జాడ లేదే. పొద్దున ఎక్కడుండగా చూశావు?"

"చెక్కల మీద."

ఇద్దరికీ అర్థమైంది. మూతి పైకెత్తి నిలిపితే నూనంతా వెనక్కి చేరుతుంది. పుల్ల ఉండేది వెనకవైపే. పాత ఇంజను తాగేసి నూనె సగానికి తగ్గినా అది నిండుగానే చూపిస్తుంది. పైగా బ్యాటరీ పడిపోకుండా రోజూ పది నిమిషాలు అలాగే ఇంజను తిప్పాడు. నూనె లాగే గొట్టం ముందువైపు. ఇన్ని నెలలూ, పొద్దున్నే, శ్రద్ధగా, తన చేత్తోనే దాన్ని ఎండగట్టి నడిపాడు.

ఇంజను కింది నూనె పళ్లెం విప్పితే మిగిలిన నూనెలో వెండి రజను మెరిసింది. బేరింగులు అరిగి రాలిన పొడి. ఆయన దాన్ని వేళ్ల మధ్య నలుపుతూ ఉండిపోయాడు. ఎప్పుడూ వాగే బావమరిది ఈసారి వేళాకోళం ఆడకుండా పళ్లెం మీద గుడ్డ కప్పాడు. అది చూసే ఆయనకి ఎక్కువ భయం వేసింది.

కిటికీలోంచి ఆవిడ అడిగింది. "ఏ... మైందిరా?"

"వయసైపోయిందక్కా. బావకి లాగే" అన్నాడు తమ్ముడు, తలెత్తకుండా.

మర్నాడు మధ్యాహ్నం దాకా ఆయన తిండి ముట్టలేదు. లారీ ఇంజను చుట్టూ తిరిగాడు. దాని మీద చెయ్యి వేశాడు, తీశాడు. దాన్ని కొనేవాడి బండి వచ్చి షెడ్డు ముందు ఆగింది.

"బావా, తేల్చు. వాడు ఆగడు."

"పాతదానికే కొత్త బేరింగులు వేస్తే?"

"క్రాంకు ఇరుసంతా గీతలు పడిపోయింది. వేసినా నిలవదు. ఒక్క కొండ ఎక్కచ్చు, ఎక్కకపోవచ్చు. ఆ తర్వాత అది ఇంజను కాదు, ఇనుము. మూడు నెలలయ్యాక ఆసుపత్రివాళ్లు పొమ్మంటే ఎలా దిగుతావు?"

ఆయన బస్సెక్కాడు. ఆవిడ కాళ్ల మీద దుప్పటి తీశాడు. "ఏదీ, ఒకసారి కదుపు."

ఆవిడ పెదవి కొరుక్కుంది. నుదుటి మీద చెమట పట్టింది. చాలాసేపటికి బొటనవేలు గింజంత కదిలింది.

ఆయన దిగి వచ్చి, "బండివాణ్ని పట్టుకుపోమను" అన్నాడు. "ఎక్కడమే నాకు కావాలి. దిగడం సంగతి నాకు తెలియదురా. నిజంగా తెలియదు."

పాత ఇంజనుకే కొత్త బేరింగులు బిగించి, నూనె నిండా పోసి, ఆదివారం తెల్లవారగానే కొండ మొదలుపెట్టారు. బావమరిది లోపల డ్రైవరు సీటు పక్కనున్న ఇంజను బానెట్ మీద కూర్చుని స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. ఆయన మొదటి గేరు, రెండో గేరు దాటలేదు. మలుపు మలుపుకీ ఆపి చల్లారనిచ్చాడు. వెనక వచ్చే కార్లవాళ్లు హారన్లు కొట్టి, కిటికీలు దింపి తిట్టారు. "ఒరే ముసలోడా, తోస్తున్నావా, తోలుతున్నావా?"

పదిహేడో మలుపులో టకటక గుద్దుల్లా మారింది. పంతొమ్మిదిలో పొగ కమ్మింది. బావమరిది స్క్రూడ్రైవరు కింద పెట్టేశాడు. ఇక వినడానికి చెవి అక్కర్లేదు.

"ఆపుతావా బావా?"

వెనక నుంచి ఆవిడ గొంతు వచ్చింది. "ఆప... ద్దు."

ఆయన కళ్లు మసకబారాయి. మోచేత్తో తుడుచుకున్నాడు గాని స్టీరింగు వదల్లేదు. ఆసుపత్రి గేటు దాటి ఆవరణలో ఏటవాలుగా ఎక్కుతుండగా పెద్ద చప్పుడైంది. బస్సు ఒక్క కుదుపు కుదిపి ఆగింది. మళ్లీ తాళం తిప్పితే లోపల ఏదీ తిరగలేదు.

కాపలాదారు పరుగున వచ్చాడు. "ఇక్కడ కాదండీ, ఆ గోడవార పెట్టుకోండి."

"ఇది ఇంక కదలదు బాబూ."

"మరి మూడు నెలల తర్వాత?"

నిదానం వినిపించుకోనట్టు తలదించుకుని, మంచం కిందనుంచి ఆ రెండు చెక్కలూ లాగాడు. ఎందుకు తెచ్చాడో ఆయనకే తెలియదు. బస్సు వెనక్కి జారకుండా వెనక చక్రాల కింద ఒక్కోటి పెట్టి, మడమతో తన్ని బిగించాడు. లేచి చూస్తే బస్సు మూతి పైకి, తోక కిందికి నిలబడి ఉంది.

లోపల ఆవిడ కడ్డీ పట్టుకుని వెనక మూలకి నడిచింది. చెంబుడు నీళ్లు పోసింది. నీళ్లు తిన్నగా కన్నంలోంచి ఆయన కాళ్ల దగ్గరే పడ్డాయి.

కిటికీలో ఆవిడ మొహం కనిపించింది. నవ్వలేదు. "ముందు... చక్రాలకి... ఇంక చెక్కలు... వద్దులెండి" అంది.

అంటే ఆ చెక్కలే ఇంజన్ని తినేశాయని తెలుసు. షెడ్డులోనే విందో, ముందే పసిగట్టిందో గాని, తెలుసు. ఆయన తడిసిన కాళ్లతో అక్కడే, ఆ చక్రానికి ఆనుకుని కూలబడ్డాడు.