మత్తు డాక్టరుగారి జేబు పుస్తకం

మన్మథరావుగారు నర్సీపట్నం వచ్చింది తొంభై రెండులో. ఊళ్ళో ఎన్ని నర్సింగ్ హోములున్నా మత్తు డాక్టరు మాత్రం ఆయనొక్కరే. నా పేరు పుష్పవతి. రాజాబాబుగారి నర్సింగ్ హోములో ఆపరేషన్ థియేటర్ సిస్టర్ని. పన్నెండేళ్ళు ఆయన పక్కన నిలబడ్డాను. ఆయన గురించి నేను చెప్పకపోతే ఇంకెవరూ చెప్పరు.

ఆపరేషన్ బాగా జరిగితే జనం కత్తి పట్టిన రాజాబాబుగారికే దణ్ణాలు పెట్టేవారు. జీడిపప్పు, అరటి గెల, బెల్లం, అన్నీ ఆయన గదికే. కృష్ణదేవిపేట జోగులమ్మనైతే ఎప్పటికీ మరిచిపోను. రెండు గంటలసేపు తన ప్రాణం చేత్తో పట్టుకున్న మనిషిని, డిశ్చార్జి రోజున వరండాలో ఆపి, "బాబూ, బేగి ఓ టీ అట్టుకురా" అంది. మన్మథరావుగారు వెళ్ళి తెచ్చి ఇచ్చారు కూడా! నాకు ఒళ్ళు మండిపోయింది.

"మీరు కనబడగానే జనం కళ్ళు మూసేస్తారు. ఇంకేటి గుర్తుంటారండీ?" అని వేళాకోళమాడాను. నవ్వారు గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

ఆయన చొక్కా జేబులో అరచెయ్యంత ఇంగ్లీషు పుస్తకం ఒకటి ఉండేది. కిలో బరువుకి ఏ మందు ఎంత, బీపీ పడిపోతే ఏం చెయ్యాలి, ఊపిరి ఆగితే ఏం చెయ్యాలి, అన్నీ అందులో ఉండేవి. చెమటకి అట్ట ఊడిపోతే ప్లాస్టర్ అంటించుకున్నారు. అదంతా ఆయనకు కంఠతా వచ్చు. అయినా ప్రతి కేసుకీ ముందు తెరిచి చూసేవారు.

"ఇంకా బట్టీ రాలేదేటండీ?" అన్నానొకసారి.

"వచ్చింది సిస్టరూ. పెద్దాస్పత్రిలో అనుమానం వస్తే పక్క డాక్టరుని అడుగుతాం. ఇక్కడ నాకు పక్కన ఎవరున్నారు చెప్పండి?"

నిజమే. ఆయనకు పెళ్ళి కాలేదు. మెస్సులో భోజనం, అద్దెకో గది. ఎక్కణ్ణించి కబురొస్తుందోనని ఊరు దాటేవారు కాదు. అయినవాళ్ళ గురించి ఆయన చెప్పలేదు, నేనూ అడగలేదు.

రెండువేల నాలుగులో ముసురు పట్టిన రోజుల్లో ఆయనకే కడుపునొప్పి వచ్చింది. అపెండిక్సు పగలడానికి సిద్ధంగా ఉందన్నారు రాజాబాబుగారు. విశాఖపట్నం పంపుదామంటే వాగు పొంగి అనకాపల్లి దారి మూసేశారు. ఊళ్ళో మత్తిచ్చే మనిషి ఒక్కరే, ఆ మనిషే బల్ల మీద పడుకుని ఉన్నారు.

"నడుముకి మత్తు సూది మీరే వెయ్యండి, నేను మెలకువగానే ఉంటాను. మోతాదు నేను చెప్తాను," అన్నారు రాజాబాబుగారితో. పుస్తకం నా చేతిలో పెట్టారు. "మీరు నా తల దగ్గర ఉండండి సిస్టరూ. బీపీ తొంభై దిగితే మూల మడిచిన పేజీ చదవండి."

ఈలోగా సంతకం కాగితం వచ్చింది. అయినవాళ్ళ సంతకం లేనిదే మా దగ్గర కత్తి పట్టరు. కింద 'రోగికి ఏమవుతారు' అని ఒక గడి. పన్నెండేళ్ళుగా ఆ గడి చూపించి, "నువ్వీవిడికి ఏటవుతావు? బేగి సెప్పు" అని జనాన్ని గదమాయించింది నేనే. ఇప్పుడు రాజాబాబుగారు పెన్ను నా చేతికిచ్చారు.

"నువ్వే పెట్టమ్మా. టైము లేదు."

సంతకం పెట్టాను. గడి దగ్గర చెయ్యి ఆగిపోయింది. చెల్లెలు అని రాయాలనిపించింది. కానీ ఆయన పెళ్ళికాని డాక్టరు, నేను నర్సుని. కుండ మూతికి మూకుడు పెడతాం గానీ ఊరి మూతికి ఏం పెడతాం? మా ఇంటాయన సింహాద్రి అనుమానం సంగతి చెప్పనే అక్కర్లేదు. మన్మథరావుగారు పడుకునే నా చేతివైపు చూస్తున్నారు. 'స్టాఫ్' అని రాసేశాను.

సూది వేసిన కాసేపటికే బీపీ జారిపోయింది. ఆయన పెదాలు తెల్లబడ్డాయి. పేజీ తిప్పి, కూడబలుక్కుని చదివాను. "అదే... ఆరు మిల్లీగ్రాములు. నెమ్మదిగా," అన్నారు కళ్ళు తెరవకుండానే. ఎక్కించాను. అయిదు నిమిషాలు బీపీ చూస్తూనే ఉన్నాను. తరవాత అంకెలు పైకొచ్చాయి. ఆయన చెయ్యి నా చేతిని వెతుక్కుంటూ వచ్చింది. ఇంకా తగలకముందే వెనక్కి తీసేసుకున్నారు.

ఆపరేషన్ అయిన మూడోనాడు లేచి కూర్చుని కేసు షీటు తెమ్మన్నారు. మత్తు వివరాలు ఆయనే రాయాలి మరి. రాశారు. కాగితాలు తిరగేస్తూ సంతకం దగ్గర ఆగారు. 'స్టాఫ్' అన్న మాట మీద వేలు పెట్టారు.

"సరిగ్గానే రాశారు సిస్టరూ," అన్నారు.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది, తిట్లు తినేసి ఏడ్చేదాన్ని. నాకు తల కొట్టేసినట్టయింది. చెల్లెలు అనే రాయబోయానని చెప్పాల్సింది. ఆయన షీటు మూసి నా చేతికిచ్చారు. నేను దాన్ని ఆఫీసులో అప్పజెప్పాను.