రింగు కింద ఎర్రగడి

మే నెల మిట్టమధ్యాహ్నం లడఖ్‌లోని మా బేస్‌లో దిగాను. పదకొండు వేల అడుగుల ఎత్తు. నెత్తిన ఎండ మండుతోంది, చేతులు చలికి కొంకర్లు పోతున్నాయి. మొవ్వ దగ్గర వరిచేల మధ్య పెరిగిన నాకు, గడ్డిపరక కూడా లేని ఆ నేల చూస్తే భయం వేసింది. కిట్‌బ్యాగు దించి, ఊపిరాడక వంగిపోయాను. నా పెట్టె మీద ఊరి పేరు చదివి ఎవరో తెలుగులో అన్నారు.

"మెల్లగా పీల్చు బావా. ఇక్కడ గాలి కూడా రేషనే."

మా కంపెనీ రేడియో ఆపరేటర్. అవనిగడ్డ వాడు. ఆ రోజు నుంచి ఒకరికొకరం బావలమే.

బ్యారక్‌ల వెనక కాంక్రీటు బాస్కెట్‌బాల్ కోర్టు ఉండేది. ఆట తెలియనివాళ్ళ కోసం చెబుతాను. రింగు కింద నేల మీద పెద్ద గడి గీస్తారు. మా కోర్టులో దానికి ఎర్రరంగు పూశారు. మ్యాచ్ తేలేది అక్కడే. దెబ్బలు తగిలేదీ అక్కడే. నేను బందరు కాలేజీ జట్టులో ఆడినవాణ్ణి. ఆపరేటర్ నాకంటే పొట్టి, నాకంటే మంచి ఆటగాడు. గాలిలోకి లేచాడంటే దిగడం మరిచిపోయాడా అనిపించేది.

హెడ్‌క్వార్టర్స్ కంపెనీ జట్టులో ఒక హవల్దారు ఉండేవాడు. ఆరడుగుల మూడంగుళాలు. జూన్ మ్యాచ్‌లో ఆపరేటర్ బంతితో దూసుకొచ్చి, ఆ గడిలో ఎగిరాడు. హవల్దారు బంతి వైపు చూడనైనా లేదు. ఎగిరినవాడి కాళ్ళ కిందికి తన నడుము జరిపాడు. బావ కాంక్రీటు మీద పడ్డాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినబడింది. రిఫరీ విజిల్ వెయ్యలేదు.

నేను వాడి మీదికి వెళ్ళాను. హవల్దారు హిందీలో, "ఈ గడిలోకి వస్తే ఇంతే. ఇది నా ఇల్లు" అన్నాడు. అని నవ్వాడు.

బావకి తుంటి, మోకాలు రెండూ పోయాయి. హెలికాప్టర్ ఎక్కించేటప్పుడు బావ నా చొక్కా పట్టుకున్నాడు.

"వాణ్ణి వదలొద్దు బావా."

"వదల్ను."

చలికాలమంతా పై పోస్టులో ఉన్నాను. రాత్రిళ్ళు మైనస్ ఇరవై. కిరోసిన్ స్టవ్ పొగ, మంచు కరిగించిన నీళ్ళు. రేడియోలో కొత్త ఆపరేటర్ గొంతు.

"పోస్ట్, మీ పరిస్థితి చెప్పండి."

"అంతా మామూలే. ఓవర్."

ఏదీ మామూలుగా లేదు. కళ్ళు ఎదుటి కొండ మీద, మనసు ఆ ఎర్రగడిలో. మొదట్లో వాడి కాలు ఎలా విరగ్గొట్టాలా అనే ఆలోచించాను. తర్వాత అది చాలదనిపించింది. కాలు విరిగితే వాడు అందరి జాలీ మూటగట్టుకుని పోతాడు. బెటాలియన్ మొత్తం చూస్తుండగా వాణ్ణి వాడి ఇంట్లోంచి గెంటించాలి.

మరుసటి వేసవి మ్యాచ్‌కి కమాండింగ్ ఆఫీసర్ వచ్చి కూర్చున్నారు. రిఫరీ ఈసారి బయటి యూనిట్ సుబేదారు. ఆటలో ఒక నియమం ఉంది. ముందుగా వచ్చి కదలకుండా నిలబడినవాణ్ణి గుద్దితే, ఫౌల్ గుద్దినవాడిది. ఐదు ఫౌళ్ళయితే ఆటగాడు బయటికి వెళ్ళాలి. నేను బంతి కోసం ఆడలేదు. ఆ గడిలో కాళ్ళు పాతుకుని, చేతులు పైకెత్తి, వాడి దారిలో నిలబడ్డాను. మొదటి మోచెయ్యి పక్కటెముకల్లో దిగింది. విజిల్. లేచి మళ్ళీ అక్కడే నిలబడ్డాను. తర్వాతది దవడకి.

"మీ ఇల్లు బాగుంది, హవల్దార్ సాబ్" అన్నాను.

వాడికి పిచ్చెక్కింది. నాకు కావలసిందీ అదే. చివరి దెబ్బకి నా ముందు పళ్ళు రెండు ఊడి నేల మీద పడ్డాయి. సుబేదారు ఐదు వేళ్ళూ ఎత్తి చూపించాడు. మా కంపెనీ వాళ్ళంతా చప్పట్లు కొడుతుంటే వాడు తలొంచుకుని కోర్టు దాటాడు. నెత్తురు ఉమ్మి నవ్వాను. అంత సంతోషం నాకు నా పెళ్ళిలో కూడా కలగలేదు.

లడఖ్‌లో నా డ్యూటీ ముగిసింది. గుడివాడలో రైలు దిగి, ఇంటికి కూడా వెళ్ళకుండా అవనిగడ్డ బస్సెక్కాను. బావ వరండాలో కూర్చుని ఉన్నాడు, పక్కన చంకకర్రలు. నిలబడే అంతా చెప్పాను. నోరు తెరిచి ఊడిన పళ్ళ చోటు చూపించాను.

"చివరికి వాడు ఎట్టా వెళ్ళాడు బావా? నడిచి వెళ్ళాడా, మోసుకెళ్ళారా?"

"నడిచే వెళ్ళాడు."

బావ కర్రలు చంకల్లో ఇరికించుకుని లేచాడు. సాయం పట్టబోతే వద్దని తల ఊపాడు. కాలవ గట్టెక్కి, నా వైపు తిరగకుండా వెళ్ళాడు. అడుగడుక్కీ కుడి భుజం పైకి లేచి, కిందికి దిగుతోంది. ఆ వీపు ఇప్పటికీ నా కళ్ళ ముందు నడుస్తూనే ఉంది.