కుక్కపిల్లకు తలంటు

తమిళనాట చూలై పేటలో మా వీథి పిల్లలందరికీ పురిటినాటి నుంచి నీళ్లు పోసింది భువనేశ్వరమ్మే. పీట మీద కూర్చుని, కాళ్లు బారచాపి, బిడ్డను వాటి మీద బోర్లా వేసుకుని నూనె రుద్దితే ఎంత పెంకి బిడ్డయినా కాసేపటికి నోరు మూయాల్సిందే. నేనూ ఆ కాళ్ల మీద పడి ఏడ్చినవాణ్నే. ఇప్పుడు ఆమెను పిలిచేవాళ్లు తగ్గిపోయారు. పసిపిల్లలకు అంత నూనె వద్దని డాక్టర్లు చెబుతున్నారట. ఆ మాటెత్తితే ఆమెకు ఒళ్లు మండుతుంది.

అలాంటి మనిషి ఇంటికి మనవరాలు అక్షయ కుక్కపిల్లను తెచ్చింది. ఆ అమ్మాయికి ఊరి చివర షోళింగనల్లూరులో ఉద్యోగం, పొద్దున పోతే చీకటి పడ్డాకే ఇల్లు. రంగు చూసి దానికి కాఫీ అని పేరు పెట్టింది. "దీన్ని ఈడ ఎవురు చూసేదే?" అని సణిగిన భువనేశ్వరమ్మే వారం తిరక్కముందు దానికి పెరుగన్నం పిసికి పెట్టసాగింది. ఆడపిల్ల కాబట్టి శుక్రవారం తలంటు కూడా మొదలుపెట్టింది. నవ్వకండి. అదీ బుద్ధిగా ఆమె కాళ్ల మీద బోర్లా పడుకుని కళ్లు మూసుకునేది.

ఒక గురువారం సాయంత్రం అక్షయ దాన్ని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, పిడుదులు పట్టకుండా పక్కనున్న మందుల షాపులో కొన్న చుక్కల మందు మెడ వెనక వేయించుకొచ్చింది.

"అవ్వా, ఉణ్ణి మందు వేసిండారు. రెండు మూడు దినాలు సోపు పెట్టి కడగొద్దు, సరియా?"

"సరేలేవే. నాకు తెలీదా?"

మరునాడు శుక్రవారం. వద్దన్నది సబ్బును కదా, శీకాయకేం అనుకుంది ఆమె. మెడ మీద ఏదో జిడ్డుగా, ఘాటుగా తగిలింది. పసిదానికి ఈ కంపేమిటని అక్కడే ఇంకో గుప్పెడు శీకాయ వేసి రుద్దింది.

కొన్నాళ్లకు కాఫీ చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు కనబడ్డాయి. పాత ఇల్లు, గోడ పగుళ్లలో వాటికి చోటుకు కరువా? "షాపువాడు డూప్లికేట్ మందు ఇచ్చిండాడు" అని అక్షయ ఊగిపోయింది. భువనేశ్వరమ్మకు ఆ శుక్రవారం రుద్దిన శీకాయ గుర్తొచ్చింది. అయినా నోరు విప్పలేదు. మనవరాలు ఆఫీసుకు పోయాక పిడుదులను ఒక్కొక్కటే ఏరి సబ్బునీళ్లలో వేసేది. ఏరేకొద్దీ కొత్తవి పుట్టుకొచ్చేవి.

తర్వాత కాఫీ అన్నం మానేసింది. పిలిస్తే తోక కదిపేది కానీ లేచేది కాదు. ఇద్దరూ దాన్ని తీసుకుపోతే పశువుల డాక్టరమ్మ బల్ల మీద పడుకోబెట్టి దాని పెదవి ఎత్తి చూసింది. చిగుళ్లు తెల్లగా పాలిపోయాయి. పిడుదులు కుట్టి వచ్చిన జ్వరమని చెప్పి, మందు వేశాక స్నానమేమైనా చేయించారా అని తమిళంలో అడిగింది. లేదని అక్షయ గట్టిగా చెప్పింది.

భువనేశ్వరమ్మ బల్ల మీది కాఫీనే చూస్తూ, "పోసినానే. నేనే పోసినాను, శుక్రవారమని" అంది.

అక్షయ తిట్టినా బాగుండేది. ఆటోలో ఇంటిదాకా బయటికే చూస్తూ కూర్చుంది. దిగేటప్పుడు మాత్రం, "షాపువాణ్ని అన్ని తిట్లు తిట్టినానే అవ్వా, అప్పుడైనా చెప్పుండొచ్చు గదా" అంది.

సూదులు, మాత్రలు మొదలయ్యాయి. బతుకుతుందని డాక్టరమ్మ గట్టిగా చెప్పలేకపోయింది. భువనేశ్వరమ్మ నూనెగిన్నెను అటక మీదికి ఎక్కించేసింది.

మొన్న శుక్రవారం నేను పలకరించడానికి వెళ్లాను. మోకాళ్ల నొప్పులకు తాళలేక ఆమె వాకిట్లో పీట మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. తన చేతులు నాకు చూపించి, "ఎంతమంది బిడ్డలకు పోసినానురా వీటితో. ఇప్పుడేమొచ్చె వీటికి?" అంది. తప్పు ఆమెదే, నాకూ తెలుసు. అయినా పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

మూలన గోనెపట్టా మీద ఉన్న కాఫీ తలెత్తింది. చాపిన కాళ్లను చూసింది. ఎన్నాళ్లకో లేచి, తూలుతూ, దారిలో ఒకసారి కూలబడి, మళ్లీ లేచి వచ్చి, ఆమె కాళ్ల మీద బోర్లా పడుకుని కళ్లు మూసుకుంది.

భువనేశ్వరమ్మ చేతులు రెండూ పైకెత్తి, దాన్ని తాకకుండా, అలాగే కూర్చుని ఏడ్చింది.