అరగకుండా దాచిన పాట

మొన్న మా వీధి మలుపులో కొత్తగా తెరిచిన కాఫీ హోటల్‌లో ఎవరో పాత రికార్డు పెట్టారు. పాట ఇంకా మొదలు కాలేదు. సూది రికార్డు మీద వాలిన మెత్తని చప్పుడు, ఆ వెంటనే రేకుల మీద తుంపర పడుతున్నట్టు చిన్న చిటపట. నా చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. చుట్టూ మాటలు ఎటో దూరం జరిగిపోయాయి. సున్నం వేసిన గది, పరదాను లోపలికి ఊది మళ్లీ బయటికి లాక్కునే గాలి, ఆ గాలిలో మందుల సబ్బు వాసనతో మార్తమ్మ సిస్టర్ కనిపించారు.

తొంభైల మొదట్లో గద్వాల దవాఖానలో నేను నర్సుగా చేరినప్పుడు ఆమె మా హెడ్ సిస్టర్. పెళ్లి చేసుకోలేదు. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు, అయినా ఆమె వార్డులోకి వస్తే అందరి నడకా మారేది. పసిపిల్లలకు సూది వేయాలంటే నా వేళ్లు బిగుసుకుపోయేవి. ఆమె నా మణికట్టు కింద తన చేయి ఆనించి, "జర వదులు పిల్లా. నువ్వు పట్టుకున్నది బిడ్డను, దొంగను కాదు" అనేవారు. ఆ చేతి చల్లదనం ఎక్కితే నా వేళ్లు వదులయ్యేవి.

నా గది ఆమె ఇంటి పక్కనే. ఆదివారం చర్చి నుంచి వచ్చాక నన్ను పిలిచి రికార్డులు పెట్టేవారు. ఆ ప్లేయరు బొంబాయిలో ఓడల మీద పనిచేసే ఆమె అన్న ఇచ్చింది. బదిలీ మీద బస్సులో వచ్చినప్పుడు సూదిని మోసే దాని చేయి సర్దుబాటు తప్పి సూది ఎగిరి దుంకుతుంటే, ఎవరో చెప్పారని సూది తలమీద నాణెం అతికించారు. మిగతా రికార్డులన్నీ ఆ బరువు కిందే పాడేవి. ఒక్కటి మాత్రం చీరముక్కలో చుట్టి బీరువాలోనే ఉండేది. అది ఆమె చెల్లెలు గ్రేసు పెళ్లికి ముందు సికింద్రాబాదులో చర్చి బృందంతో పాడిన రికార్డు. అందులో రెండు చరణాలు గ్రేసు ఒక్కతే పాడింది. తర్వాత గొంతుకు ఆపరేషన్ జరిగి ఆమెకు గుసగుస మాత్రమే మిగిలింది. వనపర్తిలో కాపురం. పాట అన్న మాటే ఎత్తనిచ్చేది కాదట.

ఒక్కసారి వినిపించమని నేను అడిగితే మార్తమ్మ సిస్టర్ తల అడ్డంగా ఊపారు. "గింత బరువు పెడితే గీతలు అరుగుతయి. ఇంకో కాపీ లేదు. మా చెల్లె గొంతు మల్ల ఏడ దొరుకుతది?"

ఆ ఎండాకాలం గ్రేసే కబురు పంపింది, వచ్చే ఆదివారం వస్తున్నానని, ఆ పాట వినాలని ఉందని. ఆ సాయంత్రమే సిస్టర్ నన్ను వెంటబెట్టుకుని ఎస్టీడీ బూత్‌కు నడిచారు. అవతల అన్న ప్లేయరు సరిచేసే తీరు చెబుతుంటే, ఒక్కో మాటా కళ్లు మూసుకుని పైకి అనుకున్నారు. ఇంటికొచ్చి ముందు ఆ నాణెం ఊడదీశారు. చేయి వెనక ఉన్న బరువుగుండును తిప్పుతూ పోతే, కాసేపటికి ఆ చేయి పైకీ లేవక, కిందికీ వాలక, గాలిలో నిలిచింది. ఆ తర్వాత గుండును కొద్దిగా ముందుకు తిప్పి, అన్న చెప్పిన రెండు గ్రాముల భారం మాత్రం సూదికి ఇచ్చారు.

వేరే రికార్డు పెట్టి చూస్తే ఎడమ స్పీకరు పెట్టె తేటగా పలికింది. కుడి పెట్టెలో మాత్రం పైస్థాయి అందుకున్నప్పుడల్లా స్వరం గరగరమంది. గ్రేసు గొంతు వచ్చేది ఆ కుడివైపు నుంచే. రికార్డు తిరుగుతున్న కొద్దీ చేతిని లోపలికి గుంజుతుందని, అప్పుడు సూది గీతలో ఒక గోడకు ఒరిగి రెండోదాన్ని వదిలేస్తుందని, దాన్ని కాస్త బయటికి పట్టి ఆపాలని అన్న చెప్పాడట. పక్కనున్న చిన్న మరను ఆమె వెంట్రుకంత చొప్పున తిప్పారు. గరగర పలచబడి, పలచబడి, పోయింది.

ఆదివారం మధ్యాహ్నం గ్రేసు వచ్చింది. ఎదురింటి మగ్గం భోజనాలకు ఆగి వీధి సద్దుమణిగింది. రికార్డు తిరగసాగింది. బృందం వెనక్కి తగ్గి, కుడివైపు నుంచి ఒక పడుచు గొంతు లేచింది. దాంట్లో మరకంటూ లేదు. గ్రేసు తన మెడ మీద చేయి వేసుకుంది. పెదవులు ఆ చరణాల వెంట కదులుతున్నాయి, శబ్దం లేదు. నేను ఏదో అనబోతే మార్తమ్మ సిస్టర్ కళ్లతోనే వారించారు. పాట అయ్యాక సూదిని మెల్లగా పైకెత్తారు.

గ్రేసు గుసగుసగా అడిగింది. "మల్ల పెట్టు అక్క."

పెట్టారు. అది అయ్యాక మళ్లీ పెట్టారు. ఎండ గోడ దిగి వాకిట్లోకి పోయేదాకా ఆ గది పాడుతూనే ఉంది. వంటింట్లో నీళ్లు తాగుతూ, అరుగుతుంది కదా సిస్టర్ అని మెల్లగా అన్నాను.

"అరగనీ," అన్నారామె. "మా చెల్లె కోసమే గద దాచింది."

ఆ తర్వాత నేనూ హెడ్ సిస్టర్‌నయ్యాను. రోగులను చూడవచ్చేవాళ్ల వేళల విషయంలో నా అంత కఠినురాలు లేదని పేరు. అయినా, ఒక్కసారి చూసి పోతామని వచ్చి, చూసి, గుమ్మం దగ్గరే నిలబడిపోయిన మనుషులు ఉంటారు. వాళ్లు నోరు తెరిచి అడగకముందే నేను వార్డు తలుపు రెండోసారి తీసేదాన్ని.