రెండో వైపు, మూడో పాటలో గొంతు

కువైట్‌లో, జహ్రాలో ఒక ఇంటి డ్రైవరుగా చేసే కడప అన్న, సామాన్ల గది ఖాళీ చేస్తూ యజమాని పారేయమన్న పాత పాటల రికార్డును ఖైతాన్‌లోని నా గదికి తెచ్చాడు. ఇంగ్లండు రాక్ బ్యాండు, మత్తులో తేలినట్టుండే సైకెడెలిక్ రకం. పేరు చెప్పలేను. అభిమానులు నడిపే వెబ్ పేజీలో దాని చరిత్ర నాలుగే వరుసలు. ఆరు వారాల్లో నేను నలభై చేశాను. సముద్రం ఒడ్డు ఊళ్లో ఆర్ట్ కాలేజీ కుర్రాళ్లు నలుగురు, ఒకటే రికార్డు, అదీ అమ్ముడుపోలేదు, ఆర్గన్ వాయించినవాడు బడిపంతులయ్యాడు, డ్రమ్మరు ఏమయ్యాడో తెలియదు.

రెండో వైపు మూడో పాట చివర మాత్రం ఒక ఐదో గొంతు ఉంది. ఏ భాషో అర్థం కాదు. పేజీలో ఆ గొంతు వివరాల గడిలో "తెలియదు" అని ఉంది. అర్దియాలో ప్రెషర్ గేజీలు సరిచూడటం నా ఉద్యోగం. ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఆ కాగితం మీద సంతకం పెట్టను. ఈ గడి నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

డ్రైవరన్న నా గదికి వచ్చిన ఒక శుక్రవారం పొద్దున ఆ ముక్కను కంప్యూటర్లోకి ఎక్కించి వరుసగా ప్రయత్నించాను: నెమ్మదిగా, వేగంగా, ఎడమ స్పీకరు ఒక్కటే, చివరికి వెనక నుంచి ముందుకు.

"ఏందబ్బా, మిక్సీలో రాళ్లేసినట్టు..." అంటున్న డ్రైవరన్న ఆగిపోయాడు. "ఇంగోసారి ఏయ్."

వేశాను.

"అరబ్బీ కదబ్బా ఇది! 'యల్లా, చాయ్ బరద్.' రాండి, టీ సల్లారిపోయిందంటాండాడు. మా బాబా రోజూ మా మీద ఇట్నే అరుస్తాడు."

బాబా అంటే వాళ్ల యజమాని.

"ఆయన ఇంగ్లండులో చదివాడా అన్నా?"

"మరి రికార్డు యాడ్నుంచి వచ్చిందనుకుంటివి?"

ఆ సాయంత్రమే జహ్రా వెళ్లాం. ముసలాయన ఫోను చెవికి ఆనించుకుని మూడుసార్లు విన్నాడు. మంచి ఇంగ్లీషులో చెప్పాడు. "వాళ్ల గదిలో టీ కాచేది నేనే. ఎంతకీ రాకపోతే అరిచాను. టేపు తిరుగుతోందని నాకు తెలియదు. దాన్ని తిరగేసి పాటలో పెట్టారన్నమాట."

నేను పేజీ తెరిచి ఆయన పేరు స్పెల్లింగు అడిగాను. ఆయన అరచేత్తో ఫోను మూశాడు.

"వద్దు. ఆ ఏడు నేను పరీక్షలు రాయలేదు. జబ్బు చేసిందని మా నాన్నకు ఉత్తరం రాశాను. నా కొడుకులకూ అదే చెప్పి పెంచాను, జబ్బుతో కూడా చదివానని."

"పేరు లేకుండా, కువైటీ విద్యార్థి అని మాత్రం?"

"ఆ ఊళ్లో అప్పుడు కువైటీ ఒక్కడే."

తిరిగి వస్తుంటే డ్రైవరన్న అడిగాడు. "రాస్తావా?"

"ఆ గడి ఖాళీగా ఉంది కదన్నా."

"నా ఇఖామా, ఈడ ఉండే పర్మిట్టు, ఆయన చేతిలో ఉండాది. అది గూడా లెక్కలో రాసుకో."

కారులోనే టైపు చేసిన వాక్యం కారులోనే చెరిపేశాను. నాలుగు రోజులు పేజీ తెరవలేదు. ఐదో రోజు చూస్తే "తెలియదు" తీసేసి ఎవరో "బ్యాండు కల్పించిన భాష" అని రాశారు. కింద పదిమంది మెచ్చుకున్నారు. 'దిద్దు' మీట మీద వేలు పెట్టి, తీశాను. వారానికోసారి ఇప్పటికీ తెరుస్తాను. తప్పు అలాగే ఉంటుంది.