పాత ట్రక్కు, కొత్త కారు, మధ్యలో నేను

మా గరాజులో కారు పెట్టుకునే భాగ్యం పోయి రెండేళ్లయింది. ఒక పక్క డెబ్బై ఏళ్ల నాటి డొక్కు పికప్ ట్రక్కు, తుప్పు రాలుస్తూ. ఇంకో పక్క పైకప్పు నుజ్జయిన స్పోర్ట్స్ కారు. ఇన్సూరెన్స్ వాళ్లు వదిలించుకుంటుంటే మావారు ఎగబడి తెచ్చుకున్నారు. కారు పైభాగం పీకి పారేసి, ఇంజనూ చక్రాలూ ఉన్న కింది చట్రం మీద ఆ ట్రక్కు బాడీని కూర్చోబెట్టాలని ప్లాను. చూడ్డానికి తాతగారు, పరుగులో మనవడు అన్నమాట. అమెరికాలో, మా ఆష్‌బర్న్‌లో మగవాళ్లకి నలభై అయిదు దాటితే కొందరికి మారథాన్ పిచ్చి, కొందరికి పెరట్లో గ్రిల్ పిచ్చి. మావారికి ఇది పట్టింది.

తోడు ఆయన స్నేహితుడు, నాకు అన్నయ్యగారు. మావారు చదివింది సివిల్, అన్నయ్యగారు చదివింది కెమికల్, ఇద్దరూ చేస్తున్నది సాఫ్ట్‌వేర్. ఆ గరాజులో మెకానికల్ చదివిన మనిషి ఒక్కతే ఉంది, ఆవిడేమో టీ కప్పులు మోస్తోంది. క్లాసులో అంతమంది మగపిల్లల మధ్య ముగ్గురు ఆడపిల్లలం. పెళ్లిచూపులయ్యాక నా డిగ్రీ గురించి మా అత్తగారు ఊరంతా చెప్పుకున్నారు. తర్వాత డిపెండెంట్ వీసా. పని చేసుకునే కాగితాలు చేతికొచ్చేసరికి పదకొండేళ్లు పోయాయి. రెజ్యూమె చూసినవాళ్లు “ఈ గ్యాప్ ఏమిటి?” అన్నారు. ఇద్దరు పిల్లలండీ, ఇంకేమిటి! నేను లెక్కగట్టి చేసిన ఇనప ముక్క ఒక్కటంటే ఒక్కటి, బరువు మోస్తుంటే కళ్లారా చూసుకోవాలని ఉండేది నాకు. ఆ కోరిక తీరే చోటు మా ఇంట్లోకే నడిచొచ్చింది. కానీ నన్ను చెయ్యి పెట్టనిస్తేగా!

వాళ్లది ఆఫీసు పద్ధతే. శనివారం పొద్దున్నే నిలబడే చేసే పది నిమిషాల స్టాండప్ మీటింగు. పనంతా రెండేసి వారాల ముక్కలు, వాటికి స్ప్రింట్లని పేరు. నట్టు నట్టుకీ స్ప్రెడ్‌షీట్‌లో ఒక వరస. ఆ నట్టు మాత్రం ఊడేది కాదు.

వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య దూరం కారులో కంటే ట్రక్కులో తొమ్మిది అంగుళాలు ఎక్కువ. అయితే చట్రాన్ని నడిమికి కోసి, తొమ్మిది అంగుళాల ముక్క ఇరికించి అతికేస్తే సరి అన్నారు. ఏదో వీడియోలో ఎవరో అలాగే చేశాడట. సొరకాయని కోసినట్టు అడ్డంగా కోసేశారు.

“అలా నేరుగా కోసి అతికిస్తే అక్కడే విరుగుతుందండీ. ఏటవాలుగా కోసి, లోపల ఇంకో గొట్టం దూర్చి, పైన ఇనప పలకలు వెయ్యాలి,” అన్నాను ట్రే పట్టుకుని.

“మా చెల్లెమ్మకి తెలియనిది లేదు,” అని అన్నయ్యగారు నవ్వారు.

“నోట్ చేసుకున్నాంలే, తర్వాత చూద్దాం,” అన్నారు మావారు. నాకు ఒళ్లు మండిపోయింది.

వాళ్లనుకున్నట్టే అతికేశారు. వారం తిరక్కుండా అన్నయ్యగారు ఆ అతుకు మీద దర్జాగా కూర్చుని ఫోటోకి ఫోజిచ్చారు. టక్కుమంది. చట్రం నడుం విరిగింది, అన్నయ్యగారు నేలమీద తేలారు. దెబ్బేం తగల్లేదు, నాకే నవ్వాపుకోలేక కడుపు నొప్పొచ్చింది. స్టాండప్‌లో తప్పంతా ఇనుముదే అన్నట్టు దానికి మెటీరియల్ ఇష్యూ అని పేరు పెట్టి తర్వాతి స్ప్రింట్‌కి తోసేశారు.

నేను తొయ్యలేదు. ఆ శుక్రవారం వాళ్లు ఆఫీసులకి పోగానే గరాజు ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, సుద్దముక్కతో నేలమీద చట్రం అసలు సైజులో గీశాను. ఏటవాలు కోతలు, పలకలు, బోల్టు కన్నాలు, అన్నీ. సాయంత్రం మావారు తలుపు తీసి చూశారు. చెప్పులు విప్పేసి, గీతలు తొక్కకుండా గోడవార నడిచొచ్చారు.

“శుక్రవారం ముగ్గా? బావుంది. ఇన్ని చుక్కలు ఎలా గుర్తుంటాయే నీకు?”

సివిల్ ఇంజనీరండీ ఆయన! డ్రాయింగులు చదివి పాసైన మనిషి! ఏడవాలో నవ్వాలో తెలీక “అలవాటే కదా,” అన్నాను.

మావారు కొన్న వెల్డింగు మిషనుతోనే రెండు వారాలు పగటిపూట తుక్కు ముక్కల మీద ప్రాక్టీసు చేశాను. చేతులు కాల్చుకున్నాను. మూడో వారానికి చెయ్యి కుదిరింది. చట్రం మళ్లీ కోసి, గొట్టం దూర్చి, పలకలు వేసి అతికాను. ఇద్దరూ వచ్చి ఎక్కి గెంతారు. కదల్లేదు. నేనే చేశానని చెప్పాను.

“చూశావురా, మంచి మిషన్ కొనడం ఎంత మంచిదైందో!” అన్నారు మావారు, స్నేహితుడితో.

ట్రక్కు పూర్తయింది. రోడ్డెక్కాలంటే ఇన్‌స్పెక్టర్ ఒప్పుకోవాలి. వచ్చినాయన పెద్దవాడు, మాట పొదుపు. టార్చి పట్టుకుని కిందికి దూరి, నా అతుకు దగ్గర ఆగిపోయాడు. వేలితో తడిమాడు. ఎంతసేపటికీ కదలడు. మావారి మొహం పాలిపోయింది.

“ఇదెవరు చేశారు?” అన్నాడు కిందనుంచే.

“మా ఆవిడండీ,” అంటూ మావారు ఒక అడుగు వెనక్కి వేశారు. “మెకానికల్ ఇంజనీర్ తనే.”

ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు. తప్పు దొరికిందనుకున్నాక గుర్తొచ్చింది మహానుభావుడికి.

పెద్దాయన బయటికొచ్చి చేతులు తుడుచుకుని రాయడం మొదలుపెట్టాడు. బ్రేకు గొట్టాలు, వైరింగు, స్టీరింగు, కాగితం నిండిపోయింది. పాస్ కాలేదు.

“కింద ఆ అతుకు మాత్రం ముట్టుకోకండి,” అన్నాడు. “మిగతావన్నీ అది చేసిన మనిషి చేతే చేయించండి.”

కాగితం కోసం మావారు చెయ్యి చాపారు. పెద్దాయన ఆ చేతిని దాటించి నాకిచ్చాడు. కళ్లు మసకబారి, మొదటి వరస చదవడానికే చాలాసేపు పట్టింది నాకు.