మా రూతు తాగిన కండల పొడి

డబ్బాల్లో అమ్మే పొడుల మీద యుద్ధం ప్రకటించి, ఆ పొడికే జీతం లేని ఏజెంటుగా మారిన సైన్సు మాస్టారిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇప్పుడు చూడండి, నేనే. ఆ ఘనకార్యంలో నా కూతురి నోరు మండింది, పక్కింటివాళ్ళ పెరుగంతా అయిపోయింది, మా ఇంట్లో నా మాటకున్న పరువు కాస్తా గాలికి పోయింది. చదివాక నన్ను తిట్టాలనిపిస్తే మొహమాటపడకండి. మా ఆవిడ అప్పుడే చాలావరకు తిట్టేసింది. మీకు మిగిలింది కొంచెమే.

డెబ్బయిల నాటి సంగతి. గుణదలలో ఒక కాంపౌండులో అద్దెకుండేవాళ్ళం. నేనూ, మా ఆవిడ ఎస్తేరూ, మా అమ్మా, ఆరేళ్ళ మా రూతూ. రోజూ ఏలూరు కాలవ పక్కగా సైకిలు తొక్కుకుంటూ గవర్నర్‌పేటలో ఒక స్కూలుకు వెళ్ళి సైన్సు చెప్పేవాణ్ణి. సమతులాహారం పాఠం వచ్చిందంటే నాకు పూనకమే. బోర్డు నిండా ఒక పెద్ద కంచం గీసేవాణ్ణి. అందులో అన్నం, పప్పు, ఆకుకూర, చేప ముక్క, పక్కన మజ్జిగ గ్లాసు. తరవాత చాక్‌పీసు కత్తిలా పట్టుకుని, పాలల్లో కలుపుకు తాగే డబ్బా పొడుల మీద పడేవాణ్ణి.

అందులో ఒకటి నాకు బద్ధశత్రువు. పిల్లలు దాన్ని కండల పొడి అనేవారు. డబ్బా మీద ఒక కుర్రాడు చెయ్యి మడిచి కండ చూపిస్తుంటాడు. ఆ కుర్రాడు మా దారిలో గోడల మీదా ఉండేవాడు, సినిమా హాల్లో ఇంటర్వెల్ స్లైడులోనూ ఉండేవాడు.

"ఒరేయ్, ఆ కండ పొడి తాగితే వచ్చింది కాదురా. బొమ్మ గీసినవాడి కుంచెలోంచి వచ్చింది! లోపలేముందో చూడకుండా పైన బొమ్మ చూసి నమ్మేవాణ్ణి ఏమంటారు?" అని అరిచేవాణ్ణి.

క్లాసంతా ముక్తకంఠంతో, "వెర్రివాడంటారు సార్!" అనేది.

ఆ జవాబు విని నేను పొంగిపోయేవాణ్ణి. ఎంత పొంగిపోయేవాణ్ణో తరవాత మీకే తెలుస్తుంది.

ఇక ఇంటి సంగతి. మా రూతు కాలవ గట్టు మీద కొంగలా ఉండేది. అన్నం ముద్ద నోట్లో పెడితే బెజవాడ జంక్షన్లో గూడ్సు బండిలా బుగ్గలోనే నిలిపేసేది. సిగ్నల్ ఎప్పుడు పడుతుందో, బండి ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. మా అమ్మ దాని కోసం రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి, కాసిని పెసలూ పుట్నాలపప్పూ కలిపి తిరగలిలో విసిరేది. పాలు పోసి జావ కాచి, బెల్లం వేసి ఇస్తే, రూతు ముక్కు మూసుకుని, "మట్టిలా ఉంది, నాకొద్దు" అనేది.

"మరేం కావాలమ్మా?" అన్నాను ఒకరోజు.

"కండల పొడి."

"ఎందుకమ్మా అది?"

"డబ్బా మీద అబ్బాయికి కండలొచ్చాయిగా."

"రాలేదమ్మా, గీశారు."

"అయితే నాకూ గీయించు."

ఊళ్ళో పిల్లలందరి ముందూ పారే నా పాఠం దాని ముందు పారలేదు. కానీ ఒక సంగతి మాత్రం చెప్పాలి. ఆ పిల్లకు నేనంటే అంతులేని నమ్మకం. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడన్నది దాని దృష్టిలో సూర్యుడి గొప్ప కాదు, నేను చెప్పాను కాబట్టి ఉదయిస్తున్నాడు. ఎవరితో ఏ గొడవ వచ్చినా దాని ఆఖరి మాట ఒక్కటే, "మా నాన్న చెప్పాడు." ఆ మాట వరండాలో కూర్చుని విన్నప్పుడల్లా నాకు జీతం పెరిగినంత ఆనందంగా ఉండేది. ఆ నమ్మకాన్నే నేను కుదువ పెట్టాను.

అదెలాగంటే, ఆ రోజుల్లో మా వైపు ఎవరూ ఖాళీ డబ్బా పారేసేవారు కారు. పాత డబ్బాల బండివాడు వస్తే ఆడవాళ్ళంతా మూగి, మంచి మూత ఉన్నవి ఏరుకునేవారు. బిస్కట్ల డబ్బాలో కందిపప్పు, పాలపొడి డబ్బాలో ఆవాలు, చాక్లెట్ల డబ్బాలో చింతపండు. ఎస్తేరు ఆ వారమే ధనియాలు పోయడానికి ఒక డబ్బా కొంది. తీసి చూస్తే దాని మీద మన కండల కుర్రాడు! కొత్తదానిలా మెరిసిపోతున్నాడు.

నా బుర్రలో బల్బు వెలిగింది. ఆ వెలుగులో కళ్ళు కనిపించకుండా పోయాయి. మా అమ్మ పొడి తెచ్చి ఆ డబ్బాలో పోశాను.

"ఏవండీ, పిల్లకి అబద్ధం చెప్తారా?" అంది ఎస్తేరు.

"అబద్ధం ఎక్కడుంది? లోపలిది నిజమేగా. పైది మాత్రమే..."

"పైది?"

"ప్యాకింగు."

"స్కూల్లో మీరు మోసం అనేది దాన్నే గదండీ?"

"అది వాళ్ళు చేస్తే!" అన్నాను, ఎంతో లోతైన సంగతి చెప్పినవాడిలా.

ఆ సాయంత్రం రూతు గ్లాసు ఎత్తి దించలేదు. పాల మీసంతో, "అబ్బ, ఎంత బాగుందో! నాయనమ్మ చేసేది దీని ముందు ఎందుకూ పనికిరాదు!" అంది.

మా అమ్మ నన్ను పెరట్లోకి పిలిచింది. "నేను చేసిందాన్ని నా ఎదురుగానే తిట్టి, నేను చేసిందాన్నే పొగుడుతోందిరా. దానికేం నేర్పిస్తున్నావు నువ్వు?"

"బలం రావడం ముఖ్యమా, పేరు రావడం ముఖ్యమా అమ్మా?" అన్నాను. మా అమ్మ విసురుగా లోపలికి వెళ్ళిపోయింది. నేను గెలిచాననుకున్నాను.

నిజంగానే పిల్ల బుగ్గలు తేరాయి. రోజూ చెయ్యి మడిచి చూపించి, "కండ వచ్చిందా నాన్నా?" అనేది. "వస్తోంది, వస్తోంది" అనేవాణ్ణి. ఒకసారి మా అమ్మ రాగులు కాస్త మాడ్చింది. "ఈసారి రంగు వేరేగా ఉందేంటి నాన్నా?" అంది రూతు. తడుముకోకుండా, "రంగు ఎంత ముదిరితే అంత బలం తల్లీ" అన్నాను. గోడల మీద బొమ్మలు గీయించేవాడు కూడా ఇంత వేగంగా అబద్ధమాడలేడు.

కానీ మంచి సరుకును గుట్టుగా తాగే వయసా అది? రూతు డబ్బా చంకనెత్తుకుని కాంపౌండంతా తిరిగింది. సంచిలో పెట్టుకుని బడికి కూడా తీసుకెళ్ళింది. కొన్నాళ్ళకు, నేను కంచం బొమ్మ గీసి చాక్‌పీసు ఝళిపిస్తుండగా, వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు.

"సార్, మీ పాప కండల పొడి తాగుతుందంట గదండీ!"

"ఎవర్రా చెప్పింది?"

"మా చెల్లి మీ పాప క్లాసేనండి. 'మా నాన్న సైన్సు మాస్టారు, ఆయనే కొన్నాడు' అని మీ పాప అందరికీ డబ్బా చూపించిందంటండి. మా అమ్మ కూడా కొనేసిందండి!"

"మా అమ్మ కూడా సార్!" అన్నాడు ఇంకొకడు.

నిజం చెబితే సాయంత్రానికల్లా అది రూతు చెవిన పడుతుంది. చెప్పకపోతే నా పాఠం చస్తుంది. గొంతు సవరించుకుని, "బొమ్మ గీసుకోండి" అన్నాను. పాఠం చచ్చింది.

ఇంటికొస్తే గుమ్మంలోనే పక్క వాటా నాగమణిగారు. వాళ్ళాయన కొల్లేటి చేపలు తెచ్చి బజారులో అమ్మేవాడు. ఆ ఇంట్లో పిల్లలకు చేప ముక్క లేని పూట ఉండేది కాదు. వాళ్ళ దుర్గా మా రూతూ ఒక ఈడువాళ్ళే.

"మాస్టారూ, మా దుర్గ చేప ముట్టుకోవడం లేదండీ. రూతు తాగే పొడే కావాలంటుంది. కొనమంటారా?"

"చేపే పెట్టండి నాగమణిగారూ. చేపను మించింది లేదు."

"మరి మీరు కొన్నారు గదండీ?"

ఎదురుగా రూతు నిలబడి నా మొహంలోకే చూస్తోంది. "అది... ఒక్కొక్కరి ఒంటి తత్వాన్నిబట్టి..." అని నసిగి, చెప్పులు కూడా విప్పకుండా లోపలికి దూరాను.

ఇక ఆ ఆదివారం. చర్చి నుంచి వచ్చి, భోంచేసి, వరండాలో వాలుకుర్చీలో పడుకున్నాను. నాగమణిగారి వంటింటి కిటికీ మా వరండా వైపే. లోపల పిల్లలిద్దరి మాటలూ వినిపిస్తున్నాయి.

"ఇదిగో, మీ ఇంట్లోనూ ఉందే! పొడి ఉత్తగా నోట్లో పోసుకుంటే ఇంకా బాగుంటుంది, చూడు" అంటోంది మా రూతు.

"అది కండల పొడి కాదే."

"బొమ్మ చూడవే. అబ్బాయి ఉన్నాడుగా!"

చూశారా, ఎంత గడుసుగా మాట్లాడుతోందో అని కళ్ళు మూసుకునే మురిసిపోయాను.

"అబ్బాయి ఉంటే ఏంటే? అది బండివాడి దగ్గర కొన్న పాత డబ్బా. మా అమ్మ అందులో కారం పోసింది."

"నీకు తెలీదు. మా నాన్న సైన్సు మాస్టారు."

కారం అన్న మాట నా చెవిలోంచి బుర్రలోకి ఎక్కడానికి కాస్త సమయం పట్టింది. వాలుకుర్చీలోంచి లేవడానికి ఇంకాస్త పట్టింది.

"ఎర్రగా ఉంది చూడవే!"

"రంగు ఎంత ముదిరితే అంత బలం. మా నాన్న చెప్పాడు!"

తరవాత వినిపించిన కేక గుణదల కొండెక్కి, అవతలివైపు దిగి ఉంటుంది.

నేను వెళ్ళేసరికి నాగమణిగారు పిల్లను ఒళ్ళో వేసుకుని పెరుగు గిన్నె మొత్తం దాని నోట్లో కుమ్మరిస్తున్నారు. ఎస్తేరు బెల్లం గడ్డతో, మా అమ్మ మజ్జిగ చెంబుతో పరిగెత్తుకొచ్చారు. నేను మాత్రం ఖాళీ చేతులతో అటూ ఇటూ తిరిగాను.

"అదేంటి తల్లీ, ఎవరి డబ్బాలో ఏముందో ఆ ఇంటివాళ్ళని అడగొద్దా?" అన్నారు నాగమణిగారు.

రూతు ఎక్కిళ్ళు పెడుతూనే నా వైపు తిరిగింది. పెదాలు వాచాయి. ముక్కు ఎర్రబడింది.

"మరి... మన డబ్బాలో... ఏముంది నాన్నా?"

అందరూ నన్నే చూశారు. క్లాసులో నలభై మంది చూసినప్పుడు కూడా అంత చెమట పట్టలేదు.

"నాయనమ్మ పొడేనమ్మా" అన్నాను.

"మొదట్నించీనా?"

"మొదట్నించీ."

"అయ్యో మాస్టారూ! నిన్ననే మా ఆయన వెంటపడి అసలు కండల పొడి డబ్బా కొనిపించానండీ!" అని నాగమణిగారు నుదురు కొట్టుకున్నారు. కొట్టుకున్నాక నవ్వారు. ఎస్తేరు కూడా కొంగు అడ్డం పెట్టుకుంది. రూతు మాత్రం నవ్వలేదు, ఏడవనూ లేదు. నాయనమ్మ చెయ్యి పట్టుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

కారం మంట సాయంత్రానికి చల్లారింది. నా శిక్ష మొదలైంది.

"పప్పు వేసుకో తల్లీ" అంటే, "నాయనమ్మా, ఇది పప్పేనా?" అని అరిచేది. "రేపు నీకు బడి లేదు" అంటే, "అమ్మా, రేపు బడి లేదా?" అని కనుక్కుని వచ్చేది. కాలవలో పడవ పోతోంది చూడమంటే, ముందు నా మొహం చూసి, తరవాత కాలవ చూసేది. జావ అసలు మానేసింది. తేరిన బుగ్గలు మళ్ళీ లోపలికి పోతున్నాయి. నా మాట ఆ ఇంట్లో రేడియోలో ప్రకటన లాంటిదైపోయింది. వినిపిస్తుంది, ఎవరూ నమ్మరు.

క్లాసులో నిజం చెప్పేశాను. "బొమ్మ చూసి నమ్మేవాణ్ణి వెర్రివాడన్నాం. ఆ బొమ్మ చూపించి కన్నబిడ్డను నమ్మించినవాణ్ణి ఏమంటార్రా?" అని అడిగాను. పాపం, మంచి పిల్లలు. అందరూ తలలు వంచుకుని కంచం బొమ్మ గీసుకోవడం మొదలుపెట్టారు.

పిల్లకు నచ్చజెప్పే దారి తోచక, ఒక శనివారం సైకిలు ముందు కూర్చోబెట్టుకుని గవర్నర్‌పేట తీసుకెళ్ళాను. కొట్లో నేను నోరు విప్పలేదు. రూతే రాగులు గుప్పిట్లో పోసుకుని, "ఇవేంటండీ?" అని కొట్టాయన్ని అడిగింది. పెసలు కొరికి చూసింది. పుట్నాలపప్పు సగం అక్కడే తినేసింది. ఇంట్లో రాగులు తడిగుడ్డలో మూటగట్టింది. మొలకలు వచ్చాయో లేదోనని గంటకోసారి విప్పి చూసి వాటికి ఊపిరాడకుండా చేసింది. మా అమ్మ చేతి మీద చెయ్యి వేసి తిరగలి తిప్పింది. పొడి రాలుతుంటే వేలితో అద్దుకుని నాలుక మీద పెట్టుకుని, "అదే!" అంది ఆశ్చర్యంగా.

జావ తయారైంది. రూతు రెండు గ్లాసులు పెట్టింది. ఒకటి నా ముందుకు జరిపింది.

"ముందు నువ్వు తాగు."

ఇక్కడ పాఠకులకు ఒక రహస్యం చెప్పాలి. ఊరందరికీ రాగుల గొప్పతనం చెప్పిన నేను పెద్దయ్యాక ఒక్క గుక్క జావ తాగిన పాపాన పోలేదు. నాకు పొద్దున కాఫీ, సాయంత్రం కాఫీ.

మా అమ్మ పొయ్యి దగ్గర్నుంచి అందుకుంది. "వాడెక్కడ తాగుతాడే! చిన్నప్పుడు నేనిచ్చిన జావంతా పెరట్లో అరటిచెట్టుకు పోసేవాడు. ఆ చెట్టు ఎంత బలంగా ఉండేదో!"

తప్పేది లేక కళ్ళు మూసుకుని తాగాను. గొంతులో దిగనని మొరాయించింది, దించాను. కళ్ళు తెరిస్తే రూతు మొహం నా మొహానికి జానెడు దూరంలో ఉంది.

"బాగుందా?"

"చాలా బాగుంది" అన్నాను.

రూతు నన్ను పరీక్షగా చూసింది. నా పెదాలు చూసింది, ముడిపడ్డ కనుబొమలు చూసింది. మెల్లగా తల అడ్డంగా ఊపింది. "అబద్ధం."

గుమ్మంలో నిలబడ్డ ఎస్తేరు కూడా లోపలికొచ్చి నా మొహంలోకి చూసింది.

"అబద్ధమేనమ్మా. నాకు అస్సలు బాగాలేదు. కానీ ఒంటికి మంచిది. ఈ రెండో మాట నిజం" అన్నాను.

రూతు పకపకా నవ్వింది. ఎన్నో రోజుల తరవాత నా మాట ఎవరినీ అడగకుండా నమ్మింది. తన గ్లాసు ఎత్తి గటగటా తాగేసి, మూతి తుడుచుకుని, "నాకు బాగానే ఉంది. నీకు అలవాటు లేదంతే. రోజూ తాగు" అంది.

ఆ క్షణంలోనే, పొయ్యి సాక్షిగా, తిరగలి సాక్షిగా, వంటింట్లోని ముగ్గురాడవాళ్ళ సాక్షిగా భీషణమైన ప్రతిజ్ఞ చేశాను. నేను మింగలేనిదాన్ని అమృతమని చెప్పి ఇంకొకరి గొంతులో పోయను, నేను తినని కూరను బోర్డు మీద గీయను అని. ఆ మాట ఇంతవరకు తప్పలేదు. తప్పనందువల్ల ఆ రోజు నుంచి కాకరకాయ తింటున్నాను, తోటకూర తింటున్నాను, పొద్దున్నే కాఫీకి ముందు గ్లాసుడు రాగిజావ తాగుతున్నాను. ఎలా ఉంటుందని అడక్కండి. అడిగితే నిజం చెప్పాల్సి వస్తుంది.